కడిగి బోర్లించిన గిన్నె

సోషలిజం అనగానే మీకేం గుర్తొస్తుంది? నిజం చెప్పండి. నాకైతే గడ్డాలు గుర్తొస్తాయి. మార్క్సుగారి గడ్డం, ఎంగెల్సుగారి గడ్డం, లెనిన్‌గారి పిల్లిగడ్డం, అలా వరసగా తగ్గుతూ వచ్చి స్టాలిన్‌ దగ్గర మీసంతో సరిపెట్టుకున్న పటం ఒకటి నా చిన్నప్పుడు మా బాబాయి గదిలో గోడకి వేలాడుతూ వుండేది. ఆ గదిలోకి మేం ఆడపిల్లలం కాఫీలు అందించడానికి మాత్రమే వెళ్ళేవాళ్ళం. లోపల ప్రపంచం మారిపోతూ వుండేది. బయట వంటింట్లో మా పిన్ని మాత్రం "ఇంకా ఎంతమందికి కలపాలే?" అని అడుగుతూ వుండేది.

పెద్దయ్యాక నాకో అనుమానం వచ్చింది. ఇన్ని దేశాల్లో ఇంతమంది మగవాళ్ళు ఇన్నేసి విప్లవాలు చేశారు గదా, వాళ్ళందరికీ అన్నం ఎవరు వండారు? ఈ ప్రశ్న మా బాబాయినే అడిగాను. ఆయన నవ్వి "ఇదా నీకు తోచిన చరిత్ర?" అన్నారు. ఊరుకున్నాను. కానీ ప్రశ్న ఊరుకోలేదు.

మా దూలపల్లి సంగతి కొంచెం చెప్పాలి. ఒకపక్క అటవీశాఖ అకాడమీ చెట్లు, ఇంకోపక్క జీడిమెట్ల కార్ఖానాలు, మధ్యలో మా అపార్టుమెంట్లు. నెలకో ఆదివారం మధ్యాహ్నం, మగవాళ్ళు క్రికెట్టు ముందు కూలబడ్డాక, మేం ఆరేడుగురం ఆడవాళ్ళం ఒకరింట్లో చేరి ఓ పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. పుస్తకం కంటే పకోడీల గురించే ఎక్కువ మాట్లాడుకున్న ఆదివారాలూ వున్నాయి, దాచడమెందుకు? ఈమధ్య ఒకసారి నా వంతు వచ్చింది. నేను బీరువా అడుగునుంచి ఒక పాత పుస్తకం తీశాను. పేరు 'మనకు తెలియని మన చరిత్ర'. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన వారు 1986లో వెలువరించింది. మూడేళ్ళ తర్వాత, 1989లో, 'వుయ్ వర్ మేకింగ్ హిస్టరీ' అన్న పేరుతో ఇంగ్లీషులో కూడా వచ్చింది. ఇంగ్లీషులో వచ్చాక మనవాళ్ళు కొందరు తెలుగులో వెతుక్కున్నారు. అది మామూలే.

తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను ఊరూరా వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ చేత వాళ్ళ కథ చెప్పించుకుని, టేపు రికార్డర్లో పట్టి, అచ్చువేసిన పుస్తకమిది. నిజాం కాలంలో దేశ్‌ముఖులు, జాగీర్దార్లు వేల ఎకరాలు గుప్పిట్లో పెట్టుకుని ఊళ్ళచేత వెట్టి చేయించుకున్న సంగతి మనందరం ఎక్కడో ఒకచోట చదివినదే. ఆంధ్రమహాసభ జెండా కింద మొదలైన సంఘం, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీ గుండుకి నేలకొరిగాక, ఊళ్ళకి ఊళ్ళనే కదిలించింది. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయినా పోరాటం ఆగలేదు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ విరమించేదాకా సాగింది. మూడువేల గ్రామాలు, పదిలక్షల ఎకరాల పంపకం, నాలుగువేలమంది ప్రాణాలు అని పార్టీవారి లెక్క. ఈ లెక్కలన్నీ పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువరించిన పెద్ద చరిత్రలో దొరుకుతాయి.

సుందరయ్యగారి పుస్తకాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అందులో స్త్రీలకి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వుంది. ఆ రోజుల్లో ఎంతమంది నాయకులు ఆ మాత్రం రాశారు? అయితే ఆ అధ్యాయం చదువుతుంటే నాకు పెళ్ళి శుభలేఖలో ఆఖరున వేసే "బంధుమిత్రుల అభినందనలతో" అన్న వరస గుర్తొచ్చింది. గౌరవం వుంది, ప్రేమ వుంది, పేర్లున్నాయి. ఫలానా ఊళ్ళో ఫలానా ఆమె దెబ్బలు తిన్నది, నోరు విప్పలేదు, జోహార్లు. కానీ ఆమెకి ఆ రాత్రి భయం వేసిందా? ఇంట్లో పసిపిల్లలు ఎవరి దగ్గరున్నారు? మర్నాడు పొద్దున్న మొగుడితో ఏమంది? నాయకుడి చరిత్రకి ఇవి అక్కర్లేదు. ఒక ఆడమనిషి చరిత్రకి ఇవే కావాలి.

'మనకు తెలియని మన చరిత్ర' గొప్పతనం సరిగ్గా ఇక్కడుంది. అడిగినవాళ్ళు ఆడవాళ్ళు, చెప్పినవాళ్ళు ఆడవాళ్ళు. అందుకని మాట ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళింది. అడవిలో దళంతో తిరిగేటప్పుడు నీళ్ళెలా దొరికేవి, ఒంట్లో బాగోలేకపోతే ఎవరికి చెప్పుకునేవారు, పది మంది మగవాళ్ళ మధ్య నిద్రపోవడం ఎలా వుండేది, ఎవరు గౌరవంగా చూశారు, ఎవరు చూడలేదు. మనం ఇరుగుపొరుగు కూర్చుంటే ఏవి అడుగుతామో అవే.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ సంగతే తీసుకోండి. చాకలి ఐలమ్మ అంటే ఇప్పుడు తెలియనివాళ్ళు లేరు. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆవిడ పేరే పెట్టారు. నాలుగెకరాల కౌలు భూమి. ఆ పంట మీద విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి కన్నుపడింది. గూండాల్ని పంపితే, సంఘంవాళ్ళు తోడొచ్చి ధాన్యం కోసి, కొట్టి, ఆవిడ ఇంటికి చేర్చారు. ఇంత వరకూ విగ్రహం కథ. పుస్తకంలో మాట్లాడేది విగ్రహం కాదు. కొడుకులు, కోడళ్ళు, తగలబడ్డ ఇల్లు, ఎవరు నిలబడ్డారు, ఎవరు మొహం చాటేశారు అన్నీ గుర్తుపెట్టుకున్న ఒక ముసలమ్మ. ఆవిడ 1985 సెప్టెంబరులో పోయింది. ఆవిడ మాట అచ్చులో చూసుకోకుండానే పోయిందన్నమాట. ఇంకో రెండేళ్ళు ఆలస్యంగా ఆ టేపు రికార్డరు ఆ గుమ్మం ముందుకి వెళ్ళివుంటే ఏమయ్యేది? మనకి విగ్రహం ఒక్కటే మిగిలేది.

ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. ఆ విసునూరు దొర తల్లి జానమ్మ దొరసాని కడవెండి గడిలో వుండేది. ఆవిడ పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళు వణికేవట. కాబట్టి ఆడవాళ్ళందరూ ఒక పక్క, మగవాళ్ళందరూ ఒక పక్క అని ఈ చరిత్రని సుళువుగా చీల్చడానికి లేదు. గడిలో వున్నదీ ఆడదే, గడి ముందు వెట్టి చేసిందీ ఆడదే. నాకు నచ్చిందేమిటంటే, ఈ పుస్తకం ఆ చిక్కుని విప్పి చక్కగా జడవేసి చూపించాలని ప్రయత్నించలేదు. చిక్కుని చిక్కుగానే మన చేతిలో పెట్టింది.

ఇక కమలమ్మ కథ. ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదని ఒప్పుకుంటాను. అడవిలో దళంతో వుండగా బిడ్డ పుట్టాడు. బిడ్డ ఏడిస్తే పోలీసులకి ఆచూకీ తెలుస్తుంది, దళమంతా పోతుంది. బిడ్డా, పోరాటమా? ఆవిడ ఆ పసివాణ్ణి పరాయివాళ్ళ చేతుల్లో పెట్టేసి మళ్ళీ నడిచింది. మా ఆదివారం సభలో ఈ చోటికి వచ్చేసరికి అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. ఒకావిడ "ఎంత త్యాగమో!" అంది. ఆ మాట దగ్గరే నాకు గుచ్చుకుంది. త్యాగం అన్న మాట ఒక మూతలాంటిది. పెట్టేస్తే లోపలిది ఇక కనపడదు. ఇంతకీ ఆ నిర్ణయం ఎవరిది? ఆ తండ్రిని కూడా ఎవరైనా అలాగే "బిడ్డా, పోరాటమా" అని అడిగారా? అడవిలో బిడ్డతల్లి ఎలా బతకాలన్నది పార్టీ ముందుగా ఆలోచించుకోవలసిన విషయమా, లేక ఆ తల్లి ఒక్కతే తేల్చుకోవలసిన విషయమా? పుస్తకం ఈ ప్రశ్నల్ని వదిలిపెట్టదు. మనం ఏడ్చేసి పుస్తకం మూసేద్దామని చూస్తే, చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతుంది.

అయితే తమాషా ఏమిటంటే, ఈ పుస్తకంలో ఏడుపు కంటే సంతోషం ఎక్కువ. అడిగినవాళ్ళు బహుశా కష్టాలు విందామనే వెళ్ళారు. చెప్పినవాళ్ళు మాత్రం ఆ నాలుగైదేళ్ళే తమ బతుకులో వెలిగిన రోజులన్నట్టు చెప్పుకొచ్చారు. రాత్రుళ్ళు నడవడం, చదువు నేర్చుకోవడం, పదిమందిలో నిలబడి మాట్లాడటం, మొగుడి పేరుతో కాక తన పేరుతో పిలిపించుకోవడం. మల్లు స్వరాజ్యంగారు పదిహేను పదహారేళ్ళ పిల్లగా ఉయ్యాలపాటలు కట్టి ఊళ్ళు కదిలించారు. ఆవిణ్ణి పట్టిస్తే పదివేల రూపాయల బహుమతి అని సర్కారు ప్రకటించింది. ఆ రోజుల్లో పదివేలంటే ఎంతో మీరే లెక్కవేసుకోండి. మనలో ఎవరి తలకాయకైనా అంత విలువ కట్టినవాళ్ళున్నారా? మహా అయితే కట్నం లెక్కలో కట్టి వుంటారు, అదీ మనం ఎదురిచ్చింది.

హైదరాబాదు నగరంలో జమాలున్నీసా బాజీ కథ ఇంకో రంగు. ఆవిడ సోదరుడు అఖ్తర్ హసన్ 'పయామ్' పత్రిక నడిపిన పాత్రికేయుడు. పరదా ఇంట్లో పెరిగి, పుస్తకాలు చదివి, తలుపు తెరుచుకుని బయటికొచ్చిన మనిషి. ఊళ్ళో ఐలమ్మ కొడవలి పట్టుకుని వచ్చిన చోటికే, ఈవిడ ఉర్దూ పత్రికలు పట్టుకుని వచ్చింది. ఈ రెండు దారులూ ఒకే పుస్తకంలో పక్కపక్కన కనబడటం నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు అసలు చెప్పవలసింది చెబుతాను. మా సభ జరిగిన ఇంటావిడ అత్తగారు జనగామ వైపు మనిషి. ఎనభై ఎనిమిదేళ్ళుంటాయి. ఎప్పుడూ మూల కుర్చీలో వత్తులు చేసుకుంటూ కూర్చునేది. మా పుస్తకాల గోలతో తనకేమీ సంబంధం లేనట్టుండేది. ఆవేళ నేను ఐలమ్మ కథ పైకి చదువుతుంటే, వత్తులు ఆపేసింది.

"గది సంగపోళ్ళ ముచ్చటనా బిడ్డా?" అంది.

"అవునవ్వా. నీకు తెలుసా?"

"తెల్వకేంది! గప్పుడు నేను గింత పోరిని. మా అమ్మ రోజు రాత్రి గటుక వండి, గిన్నెల పోసి, చేన్ల కంచె పక్కన పెట్టి వచ్చేది. ఎవరు తింటరో మాకు చెప్పకపోయేది. తెలిస్తే పోలీసోళ్ళు కొట్టినప్పుడు మేం చెప్పేస్తమని."

"మరి వాళ్ళెవరో చూడనే లేదా?"

"లేదు బిడ్డా. పొద్దుగాల పోయి చూస్తే గిన్నె కడిగి బోర్లించి వుండేది." అవ్వ ఒక్కక్షణం ఆగి, బోసినోటితో నవ్వింది. "కడిగి బోర్లించెటోళ్ళు! మా నాయిన బతుకంతల ఒక్కనాడన్న గిన్నె కడిగిండా?"

మేమందరం గొల్లుమన్నాం. తర్వాత ఒక్కసారిగా గది నిశ్శబ్దమైపోయింది. మా బాబాయి గదిలో గడ్డాల పటం కింద నాకెవరూ చెప్పని సోషలిజం ఏదో, ఆ గిన్నె బోర్లించిన చోట నాకు కనబడింది. భూమి పంచడం పెద్దమాట. దానికి తుపాకులు, తీర్మానాలు కావాలి. తిన్న గిన్నె కడగడం చిన్నమాట. కానీ ఆ పల్లెటూరి ఆడమనిషికి, పొద్దున్నే చేనుకి వెళ్ళి చూసుకునే ఆమెకి, లోకం మారుతోందన్న కబురు ఆ గిన్నే కదా తెచ్చింది!

ఇక్కడే పుస్తకంలో నాకు తోచిన లోటు కూడా చెప్పాలి. విమర్శ అన్నాక మెచ్చుకోలు ఒక్కటే అయితే అది పేరంటం అవుతుంది. ఈ పుస్తకం చాలావరకు దళంలో తిరిగిన, సంఘంలో పనిచేసిన, ఏదో ఒక విధంగా బయటకొచ్చిన స్త్రీలని వెతికి పట్టుకుంది. అదీ సామాన్యమైన పని కాదు. కానీ ఇంట్లోంచి కదలకుండా, రాత్రిపూట ఒక గిన్నె ఎక్కువ వండి, పొద్దున్న ఏమీ ఎరగనట్టు పేడకళ్ళెత్తుకున్న ఆడవాళ్ళు ఇంకా ఎంతమందో. వాళ్ళు తాము చరిత్ర చేస్తున్నామని కూడా అనుకుని వుండరు. అనుకోనివాళ్ళని అడగడం కష్టం. అడిగినా "మేమేం చేసినం బిడ్డా, అన్నం వండినం" అంటారు. ఆ ఒక్క వాక్యం దగ్గర టేపు రికార్డరు ఆపేస్తాం మనం. అక్కడే మొదలుపెట్టాలేమో!

కాగితం కూడా వాళ్ళకి ఎదురే. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ 1972లో మొదలైంది. దానికి మామూలుగా ఆరు నెలలు జైల్లో వున్నట్టు రుజువు కావాలి. స్త్రీలకి మూడు నెలలు చాలన్నారు. జైలుకి వెళ్తే కాగితం వుంటుంది. దెబ్బలు తింటే మచ్చ వుంటుంది. కంచె పక్కన గటుక పెట్టినందుకు ఏ సర్టిఫికెట్టు వుంటుంది చెప్పండి? గిన్నె కూడా కడిగేశారాయె!

సభలో ఒకావిడకి ఈ గొడవంతా నచ్చలేదు. "ఇదంతా నల్గొండ, వరంగల్లు వైపు సంగతి. దూలపల్లిలో ఫ్లాటు కొనుక్కున్న మనకేం సంబంధం?" అంది. న్యాయమైన ప్రశ్నే. నేను జవాబు వెతుక్కుంటుంటే మా వెనకింటావిడే అందుకుంది. వాళ్ళు ఇటువైపు ప్లాటు కొన్నప్పుడు వకీలు మొట్టమొదట అడిగింది పాత పహాణీల్లో రక్షిత కౌలుదారు పేరేమైనా వుందా అని. ఆ రక్షిత కౌలుదారు ఎక్కణ్ణించి వచ్చాడు? 1950లో వచ్చిన హైదరాబాదు కౌలు చట్టంలోంచి. అంతకు ముందు ఏడాది 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు. ఊళ్ళలో పోరాటం మండుతున్న ఆ నాలుగైదేళ్ళలోనే ఇన్నాళ్ళూ లేని చట్టాలన్నీ తోసుకుంటూ రావడం వట్టి కాకతాళీయం అంటే నేను నమ్మను. దున్నేవాణ్ణి ఇష్టం వచ్చినప్పుడు గెంటెయ్యకూడదు, అతనికి భూమి మీద హక్కుంది అన్న మాట చట్టంలోకి ఎక్కింది. ఆ చట్టంలో 38-ఈ సెక్షను అంటే ఇటువైపు ప్లాట్లు కొనే ఇంటాయనలందరికీ కంఠతా. మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలాలు వెంచర్లయి, వెంచర్లు మన ఇళ్ళయ్యాయి. మన గృహప్రవేశం కాగితాల అడుగున ఐలమ్మ నాలుగెకరాలు వున్నాయి. సంబంధం లేకపోవడమేమిటి?

పోరాటం విరమించాక ఏమైంది? మగవాళ్ళలో చాలామందికి మళ్ళీ ఒక దారి దొరికింది. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డిగారు నల్గొండ నుంచి నెహ్రూగారికంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి వెళ్ళారు. ఆడవాళ్ళలో ఆరుట్ల కమలాదేవిగారు ఆలేరు నుంచి శాసనసభకి వెళ్ళారు. స్వరాజ్యంగారు చాలా ఏళ్ళ తర్వాత, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి గెలిచారు. వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. మిగతావాళ్ళు? ఇంటికెళ్ళండి, సంసారాలు చూసుకోండి అన్నారు. తుపాకీ పట్టిన చెయ్యి మళ్ళీ గరిటె పట్టింది. గరిటె పట్టడం తప్పని కాదు. కానీ దళంలో గిన్నె కడిగి బోర్లించినవాళ్ళు ఊళ్ళోకొచ్చాక కూడా కడిగారా? అవ్వ అడిగిన ప్రశ్నకి ఇదే రెండో భాగం.

ఈ ప్రశ్నకి జవాబుగా నేను అందరికీ చెప్పే పుస్తకం ఇంకొకటుంది. కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి'. 2012లో, తొంభై దాటాక, ఆవిడ రాసుకున్న ఆత్మకథ. 1918లో కృష్ణాజిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఊహ తెలిసేలోగా వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహం. పార్టీ సభల్లో పాటలు, బుర్రకథలు, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి అజ్ఞాతవాసం. అంతా అయ్యాక భర్త విడిచిపోయారు. అప్పుడు, ముప్పై అయిదో పడి దరిదాపుల్లో, హైదరాబాదులో దుర్గాబాయమ్మగారి ఆంధ్ర మహిళాసభలో పిల్లలతో కలిసి బెంచీమీద కూర్చుని మెట్రిక్ చదువుకున్నారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టలుకి మేట్రన్‌గా ఉద్యోగం చేశారు. కొడుకూ పోయాడు, కూతురూ పోయింది. ఆవిడ మిగిలారు. నూరేళ్ళు నిండాక 2018 సెప్టెంబరులో విశాఖపట్నంలో కన్నుమూశారు.

ఈ కథని ఇంకెవరైనా రాస్తే మూడు తువ్వాళ్ళు తడిసేవి. కోటేశ్వరమ్మగారు గొంతు పెంచరు. విడిచిపోయిన భర్తని తిట్టరు, సమర్థించరు. ఆ పెద్ద కష్టాలు రెండు మూడు వాక్యాల్లో చెప్పేసి, తనకి అన్నం పెట్టిన స్నేహితురాళ్ళ గురించి, హాస్టలు పిల్లల గురించి తీరిగ్గా చెబుతారు. మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. "ఇంకా చెప్పొచ్చు గదమ్మా, ఎందుకీ మొహమాటం?" అనిపించింది. రెండోసారి చదివినప్పుడు అర్థమైంది. ఎవరు తనని ముంచారన్నది కాదు, తను ఎలా తేలిందన్నదే ఆవిడ రాసింది. అయినా ఒక చిన్న ఫిర్యాదు నాకింకా మిగిలే వుంది. ఆ ఉద్యమం మీద, అందులో ఆడవాళ్ళకి దక్కిన చోటు మీద ఆవిడ తీర్పేమిటో ఇంకొంచెం గట్టిగా చెప్పివుంటే బాగుండేది. అంత అనుభవం వున్నావిడ మెత్తగా మాట్లాడితే, ఎదుటివాళ్ళు తప్పించుకుపోతారు.

'మనకు తెలియని మన చరిత్ర'లో అడిగేవాళ్ళున్నారు, కాబట్టి జవాబు తప్పలేదు. 'నిర్జన వారధి'లో అడిగేవాళ్ళు లేరు, కాబట్టి ఆవిడ ఎంచుకున్నంతే చెప్పారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అప్పుడు ఒకదాని గొంతు ఇంకోదానికి జవాబు చెబుతుంది.

ఇది మన తెలుగుదేశం ఒక్కదాని కథే అనుకోకండి. మన పక్క మహారాష్ట్రలో గోదావరీ పరులేకర్‌గారు ఠాణా జిల్లా వార్లీ గిరిజనుల వెట్టి మీద 1945లో మొదలైన తిరుగుబాటులో ముందు నడిచి, ఆ అనుభవమంతా మరాఠీలో పుస్తకంగా రాశారు. దానికి సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. గోర్కీ 'అమ్మ' నవల మీలో చాలామంది చదివేవుంటారు. క్రొవ్విడి లింగరాజుగారి తెలుగులో ఎన్ని ఇళ్ళలో చేతులు మారిందో! స్వరాజ్యంగారిని చిన్నతనంలో కదిలించిన పుస్తకం కూడా అదే. అందులో కొడుకు పావెల్, తల్లి నీలొవ్నా కల్పితం అనుకుంటాం. 1902లో రష్యాలోని సోర్మొవోలో మేడే ఊరేగింపులో జెండా పట్టి శిక్షపడ్డ ప్యోత్ర్ జాలొమొవ్ అనే కార్మికుడు నిజంగా వున్నాడు. అతని తల్లి అన్నా నిజంగానే కరపత్రాలు మోసింది. నవల పేరు లోకమంతా తెలుసు. ఆ తల్లి పేరు ఎవరికి తెలుసు? అమ్మ అన్నాం, దణ్ణం పెట్టాం, పేరు అడగడం మర్చిపోయాం. మన ఇళ్ళలోనూ అదే కదా వరస!

పేరంటే గుర్తొచ్చింది. ఆవేళ సభ ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుంటే నేను అవ్వ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"అవ్వా, మీ అమ్మగారి పేరేమిటి?"

అవ్వ తెల్లబోయింది. "మా అమ్మ పేరా?" చాలాసేపు ఆలోచించింది. "అందరు ఫలానోళ్ళ కోడలనెటోళ్ళు. మా నాయిన 'ఏమే' అనెటోడు. మేము అమ్మా అన్నం. పేరు..." చేతిలో వత్తి నలుపుతూ కూర్చుంది. చివరికి చెప్పింది. చెప్పాక, ఎన్నేళ్ళయిందో ఆ పేరు నోటితో పలికి, రెండోసారి తనలో తనే అనుకుంది.

ఆ పేరు నేను 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం ఆఖరి ఖాళీ పేజీలో రాసుకున్నాను. ఊరు, దాదాపుగా సంవత్సరం, కంచె, గటుక, గిన్నె, అన్నీ రాశాను. అచ్చుపుస్తకంలో పిచ్చిరాతలు రాయకూడదని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పేవారు. ఈ పుస్తకం మాత్రం అలా రాసుకుంటేనే పూర్తవుతుందని నాకనిపించింది.

మీ ఇంట్లో కూడా మూల కుర్చీలో ఒక అవ్వో, అమ్మమ్మో వుండే వుంటుంది. నిజాం కాలానిది కాకపోతే 1969 ఉద్యమం నాటిదో, ధరల పెరుగుదల మీద గరిటెలు పట్టుకుని వీధుల్లోకొచ్చిన రోజులదో, ఏదో ఒకటి ఆవిడ దగ్గర వుండకపోదు. ఈ రెండు పుస్తకాలూ తెచ్చుకుని ఆవిడకి వినపడేలా పైకి చదవండి. వత్తులు చేసే చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడండి. అక్కడ పుస్తకం పక్కన పెట్టేసి అడగండి. ఐలమ్మ విషయంలో సరిగ్గా సమయానికి ఎవరో అడిగారు. ఆలస్యం చేస్తే మనకి మిగిలేది బోర్లించిన గిన్నె ఒక్కటే. వండిందెవరో అది చెప్పదు.